ఆ కిట్లు తుక్కు కావు

సంపాదకులకు నమస్కారం.

పదకొండు రోజుల కిందట మీ జిల్లా అనుబంధంలో మన విశాఖపట్నంలోని ఒక ఇంజనీరింగ్ కళాశాల కొత్త ల్యాబు ప్రారంభోత్సవం వార్త వేశారు. రిబ్బను, కత్తెర, శాలువాలు అన్నీ ఉన్నాయి. దాని కిందే ఒక చిన్న పెట్టెలో 'కాలం చెల్లిన డబ్బాలకు వీడ్కోలు' అని శీర్షిక పెట్టి, పాత 8085 కిట్లన్నింటినీ, అంటే కంప్యూటర్‌కు మెదడులాంటి మైక్రోప్రాసెసర్ చిప్పును పిల్లలు చేత్తో నడిపి నేర్చుకునే పలకలను, తూకానికి అమ్మేసిన సంగతి ఘనకార్యంలా రాశారు. ఆ రోజే జవాబు రాద్దామనుకున్నాను. కోపంలో మాట తూలుతుందని ఆగాను. ఇన్ని రోజులైనా కోపం చల్లారలేదు కాబట్టి రాస్తున్నాను.

నేను ఇరవై ఏడేళ్లు మైక్రోప్రాసెసర్ ల్యాబులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ కళాశాలలో కాదు, ఇదే ఊళ్లో ఇంకోచోట. అందుకని ముందు మీ వార్తలోని తప్పులు చెబుతాను, వాళ్ల తప్పు తరువాత.

'8085 మైక్రోప్రాసెసర్' అని పేరు పెట్టి మీరు వేసిన ఫొటోలో ఉన్నది మైక్రోప్రాసెసరే కాదు. నడుమ గుండ్రటి గాజు కిటికీ ఉన్న ఆ చిప్పును ఈప్రామ్ అంటారు. అతినీలలోహిత దీపం కింద పెట్టి, అందులో రాసిన ప్రోగ్రాంను చెరిపేయడానికి ఆ కిటికీ. చిప్పు పక్కల ఉండే లోహపు కాళ్లు లెక్కపెట్టినా తెలిసిపోయేది. ఫొటోలోని చిప్పుకు పక్కకు పద్నాలుగే ఉన్నాయి. 8085కి పక్కకు ఇరవై, మొత్తం నలభై. ల్యాబులో అడుగుపెట్టిన పిల్లలకు మొదటి రోజు చెప్పే మొదటి మాట ఇది. విలేకరికి తెలియకపోవడాన్ని నేను తప్పుపట్టను. ఫొటో ఇచ్చిన కళాశాలలో అంతమంది అధ్యాపకులు ఉండి ఒక్కరూ చూసుకోకపోవడమే నాకు మింగుడుపడటం లేదు.

ఇక మైక్రోప్రాసెసర్ 1978లో 8086 అనే చిప్పుతో పుట్టిందని రాశారు. అప్పటికి దానికి ఏడేళ్లు నిండబోతున్నాయి. జపాన్‌లో బిజికామ్ అనే కాలిక్యులేటర్ల కంపెనీ ఉండేది. 1969లో వాళ్లు, అంతకు ఏడాది ముందే పుట్టిన ఇంటెల్ దగ్గరకు వచ్చి తమ లెక్కల యంత్రానికి చిప్పులు చేసిపెట్టమన్నారు. వాళ్ల నమూనాలో ఒక్కో పనికి ఒక్కో చిప్పు. ఇన్నెందుకు, మెమరీలో రాసిపెట్టిన ఆదేశాలను వరసగా చదివి ఏ పని చెబితే ఆ పని చేసే చిప్పు ఒకటి ఉంటే సరిపోతుంది కదా అన్నారు ఇంటెల్ ఇంజనీరు టెడ్ హాఫ్. స్టాన్ మేజర్ ఆయనకు తోడయ్యారు. అయితే ఆ ఆలోచన నెలల తరబడి కాగితం దాటలేదు. 1970 ఏప్రిల్‌లో ఇటలీకి చెందిన ఫెడెరికో ఫాజిన్ ఇంటెల్‌లో చేరారు. ఆ కొద్ది రోజులకే బిజికామ్ ఇంజనీరు మసతోషి షిమా పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని జపాన్ నుంచి వస్తే, ఏమీ కదలలేదు. షిమా మండిపడ్డారు. మండిపడి ఊరుకోక, అక్కడే ఉండిపోయి ఫాజిన్‌తో కలిసి పనిలో కూర్చున్నారు. అలా నాలుగు చిప్పుల కుటుంబం తయారైంది. అందులో నాలుగోదైన 4004 చిప్పు 1971 నవంబరులో అందరికీ అమ్మకానికి వచ్చింది. పదహారు కాళ్లు, 2,300 ట్రాన్సిస్టర్లు, అంటే అతిచిన్న విద్యుత్ స్విచ్చులు. ఫాజిన్ తన పేరులోని పొడి అక్షరాలు రెండింటిని ఆ సిలికాన్ మీదే ఒక మూల చెక్కారు. శిల్పి రాతి మీద పేరు చెక్కుకున్నట్టే. ఇంతమంది చెమటను మీరు 'ఒక శాస్త్రవేత్త ఆవిష్కరణ' అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఆ తరువాత ఇంటెల్ నుంచి 1972లో 8008, 1974లో 8080, 1976లో 8085 వచ్చాయి. 8080కి మూడు రకాల వోల్టేజీలు అందించాల్సి వచ్చేది. 8085కి అయిదు వోల్టులు చాలు, పేరు చివరి 5 అందుకే. ట్రాన్సిస్టర్లు 6,500. ఈలోగా ఫాజిన్, షిమా ఇంటెల్‌ను వదిలి జైలాగ్ కంపెనీ తరఫున అదే 1976లో జడ్80 తెచ్చారు. మీరు చెప్పిన 8086 ఆ తరువాతది. దాని చెల్లెలు 8088ని ఐబీఎం 1981లో తన పర్సనల్ కంప్యూటర్‌లో పెట్టుకోవడంతో అది ఇంటింటి పేరైంది. మీ విలేకరి అక్కడి నుంచి మొదలుపెట్టడానికి కారణం బహుశా అదే.

ఇప్పుడు కిట్టు సంగతి. వార్త చదివిన మూడో రోజు నేను జ్ఞానాపురంలో పాత సామాన్ల దుకాణాలన్నీ వెతుక్కుంటూ తిరిగాను. నాలుగో దుకాణంలో దొరికాయి. ఫ్యాను మోటార్లకూ కుర్చీ కాళ్లకూ మధ్య ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఒకటి కొని ఇంటికి తెచ్చాను. మన ఊరి ఉప్పుగాలికి కనెక్టరు కాళ్లు నల్లబడ్డాయి. మేము ల్యాబులో చేసినట్టే పెన్సిల్ రబ్బరుతో ఒక్కొక్కటీ రుద్దాను. 8085ని సాకెట్ నుంచి మెల్లగా లేపి, మళ్లీ కూర్చోబెట్టి, సప్లయి ఇచ్చాను. ఆరు ఎర్ర అంకెల గళ్లు వెలిగాయి. మా మనవరాలు పక్కనే ఉంది. బీటెక్ రెండో సంవత్సరం.

దానిచేత అయిదూ మూడూ కూడించాను. మెమరీలో 8000 చిరునామా నుంచి వరసగా ఆదేశాల సంకేతాలు, అంకెలు 3ఈ, 05, 06, 03, 80, 32, అక్కడిదాకా సరిగా కొట్టింది. 32 అంటే జవాబును దాచమని. 8050 చిరునామాలో దాచాలి కాబట్టి తరువాత 80, 50 అని కొట్టబోయింది. ఆపి, ముందు 50 కొట్టు, తరువాత 80 అన్నాను. ఎందుకు తాతయ్యా, తిరగేసి ఎందుకు రాయాలి అంది. ఈ ప్రశ్న అడిగించడం కోసమే నేను ఇరవై ఏడేళ్లు జీతం తీసుకున్నాను.

జవాబు టెక్సస్‌లో ఉంది. కంప్యూటర్ టెర్మినల్ కార్పొరేషన్ అనే కంపెనీ 1970లో డేటాపాయింట్ 2200 అనే యంత్రం తెచ్చింది. అప్పట్లో మెమరీ ఖరీదు. అందుకని వాళ్లు బిట్లు, అంటే సున్నాలూ ఒకట్లూ, ఒకదాని వెనుక ఒకటి వరసలో నడిచివచ్చే రకం మెమరీ వాడారు. మనం చేతితో కూడేటప్పుడు ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి, మిగిలింది పదుల స్థానానికి మోసుకుపోతాం కదా. ఆ యంత్రమూ అంతే, చిన్న స్థానం ముందు రావాలి. కాబట్టి చిరునామాలోనూ చిన్న సగం ముందు పెట్టారు. ఆ యంత్రం గుండెను ఒక్క చిప్పులో చేసివ్వమని వాళ్లు ఇంటెల్‌ను అడిగారు. చిప్పు ఆలస్యమైంది, చివరికి వాళ్లు దాన్ని వాడనే లేదు. ఇంటెల్ దాన్ని 8008 పేరుతో అమ్ముకుంది. తిరగేసి రాసే అలవాటు దాంతోపాటే వచ్చి 8080కి, 8085కి, 8086కి, అక్కడి నుంచి పెంటియమ్ చిప్పులకు, ఇవాళ మా మనవరాలి ల్యాప్‌టాప్‌కు వారసత్వంగా దిగింది. ఇదంతా విని అది 50, 80, చివర ఆగమని చెప్పే 76 కొట్టి, గో నొక్కి, 8050 తెరిచి చూసింది. 08 కనిపించింది. మా మనవరాలి ముఖంలో వెలుగు మీ ఫొటోగ్రాఫరు చూసి ఉంటే రిబ్బను ఫొటో వేసేవారు కాదు.

కంప్యూటర్ తెర మీద కిట్టును అనుకరించే ప్రోగ్రాం, సిమ్యులేటర్ ఉంది కదా అంటారు ఆ కళాశాల వారు. సిమ్యులేటర్‌లో కాలు వంగదు, తుప్పు పట్టదు, వేలికి చిప్పు వేడి తగలదు. యంత్రం ఎందుకు పలకడం లేదో వెతుక్కునే అవసరమే రాదు. ఇక పిల్లలు ప్రయోగాలు రాసే రికార్డు పుస్తకాలంటారా, సీనియర్ల రికార్డును తప్పులతో సహా దించుకోవడం రివాజైంది. ఒక ఏడాది అరవై రికార్డుల్లో ఒకే చోట ఒకే కామా తప్పు చూశాను. సంతకం పెట్టినవారు మాత్రం చూడలేదు. వైవా అనే మౌఖిక పరీక్షలో 8085 ఎనిమిది బిట్లదని చెబుతారు, ఎనిమిది బిట్లంటే ఏమిటని అడిగితే నేల చూస్తారు. ఇది పిల్లల తప్పని నేను అనను. తనిఖీ బృందం వచ్చే వారం ముందు సున్నం కొట్టించే యాజమాన్యాలది, ల్యాబు గుమ్మం దాకా వచ్చి కాఫీకి వెనుదిరిగే తనిఖీ అధికారులది. పాత పరికరాలను తీసేయాలా వద్దా అని తేల్చే కమిటీ అని ఒకటి ఉంటుంది. దానిలో ఆ పరికరం నడపగలిగినవారు ఒక్కరైనా ఉండాలన్న నియమం పెట్టడానికి ఇంత పెద్ద వ్యవస్థలో ఎవరికీ తీరిక లేదు.

మీ వార్తలో 'పనికిరాని డబ్బా' అన్నారు. 1997లో అంగారకుడి మీద తిరిగిన సోజర్నర్ బండిని నడిపించింది ఈ 8085 జాతి చిప్పే. మన మొహాలీలోని సెమీకండక్టర్ ప్రయోగశాలలో తయారై 2025లో ఇస్రో చేతికి అందిన విక్రమ్ 3201 ప్రాసెసర్ గురించి మీరే మొదటి పేజీలో రాశారు, సంతోషించాను. అదే మొహాలీ కర్మాగారం 1989లో అగ్నికి ఆహుతై, దేశం ఎన్నో ఏళ్లు వెనకబడింది. పోగొట్టుకున్నదాన్ని మళ్లీ నిలబెట్టడం ఎంత కష్టమో తెలిసిన దేశం మనది. సభల్లో చిప్పుల కర్మాగారాల గురించి మాట్లాడే పెద్దలను నేను ఒక్కటే అడుగుతున్నాను: ఆ కర్మాగారాలకు కావలసిన పిల్లలు చిప్పును మొదటిసారి ఎక్కడ ముట్టుకోవాలి?

మన ఊరికి పాత యంత్రాన్ని గౌరవించడం తెలుసు. 91 మీటర్ల కుర్సుర జలాంతర్గామిని ఒడ్డుకు లాక్కొచ్చి 2002 నుంచి బీచ్ రోడ్డులో జనానికి చూపిస్తున్నాం. ఎదురుగా టీయూ-142 విమానాన్ని నిలబెట్టాం. కుర్సుర నౌకాదళంలో చేరింది 1969లో, బిజికామ్ వాళ్లు ఇంటెల్ తలుపు తట్టిన ఏడాదే. కిట్టుకు అంత చోటు అక్కర్లేదు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఒక అద్దాల బీరువా, పక్కన ఒక బల్ల, ఒక ప్లగ్ పాయింటు చాలు.

దుకాణంలో ఇంకా పదకొండు కిట్లు ఉన్నాయి. నెలాఖరు దాకా విప్పవద్దని యజమానికి అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. టార్పాలిన్ కప్పించాను గాని వానలకు అది ఎంతో ఆగదు. గ్రంథాలయం వారు గాని, ఏ ప్రభుత్వ పాఠశాల వారు గాని చోటు ఇస్తామంటే వాటిని తెచ్చి, శుభ్రం చేసి, వారానికి రెండు పూటలు వచ్చి నడిపి చూపిస్తాను. డబ్బు అక్కర్లేదు. నా చిరునామా మీ కార్యాలయానికి విడిగా రాసి పంపాను.

ఈప్రామ్ ఫొటోకు సవరణ వేయండి. ఉత్తరంతో పాటు 8085 ఫొటో జతచేస్తున్నాను. నలభై కాళ్లూ కనిపించేలా తీశాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం