పొద గులాబీలకు ఆ కత్తిరింపు తగదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ బెంగళూరు అనుబంధంలో వచ్చిన పెరటి గులాబీల వ్యాసంలో, దసరా వెళ్లగానే అన్ని రకాల గులాబీలనూ ఎత్తులో మూడింట రెండు వంతులు కత్తిరించాలని సూచించారు. పొడవాటి కాడకు ఒక్కొక్క పెద్ద పువ్వు పూసే హైబ్రిడ్ టీ రకాలకు అది చెల్లవచ్చునేమో గాని, రెండు మూడు అడుగులకు మించకుండా గుబురుగా పెరిగి గుత్తులుగా పూసే పొట్టి పొద గులాబీలకు, అందునా మన ఊళ్లో, అది చేటే చేస్తుంది. బసవనగుడిలో మా ఇంటి ముందు పన్నెండేళ్లుగా ఇవే పెంచుతున్న అనుభవంతో ఈ మాట రాస్తున్నాను.

బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వానలు జోరుగా ఉంటాయి. ఆ తడిలో కోసిన కొమ్మ కొన నల్లబడి, ఆ నలుపు కిందికి పాకి, చివరకు కొమ్మంతా ఎండిపోతుంది. కనుక వానలు వెనకబట్టాక, నవంబరులో, ఎండు పుల్లలనూ ఒకదానికొకటి రాసుకునే రెమ్మలనూ తీసివేసి, మిగిలిన పొదను ఎత్తులో మూడో వంతుకు మించకుండా కత్తిరించి, లావు కోతలకు కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రనాశక మందు ముద్ద పూస్తే చాలు. నెలన్నర, రెండు నెలల్లో, అంటే లాల్‌బాగ్ గణతంత్ర దినోత్సవ పూల ప్రదర్శన నాటికి పూలు విచ్చుతాయి. అక్కడి క్యూలో నిలబడే ఓపిక లేని నాబోటివారికి అదే ప్రదర్శన.

వ్యాసకర్త ఆరు గంటల ఎండ కావాలన్నారు, నిజమే. కానీ తడి ఊసెత్తలేదు. ఆకు మీద ఏకధాటిగా ఏడు గంటలపాటు తడి నిలిస్తే చాలు, నల్లమచ్చ తెగులు అంటుకుంటుంది. మన చల్లని వాతావరణం దానికి మరీ అనుకూలం. సాయంత్రం పూట పైపుతో మొక్కంతా తడపడం మాని, ఉదయమే పాదులో మాత్రం నీరు పోయాలి. విలియం రాడ్లర్ అమెరికాలో రూపొందించగా 2000లో విడుదలైన నాకౌట్ గులాబీకి ఈ తెగులును తట్టుకునే శక్తి ఎక్కువే గాని, పొదగా పెరిగే ప్రతి గులాబీకీ ఆ గుణం ఉండదు. ఒక నర్సరీవారు మందే అక్కరలేదంటే నమ్మి తెచ్చుకున్న నా మూడు మొక్కలూ ఆగస్టుకల్లా ఆకులన్నీ రాల్చి మోడులై నిలిచాయి.

మరొక్కటి. ఈనెకు ఏడు ఆకులుంటే అది వేరుమొక్క (గులాబీని అంటుకట్టిన అడుగు మొక్క) నుంచి వచ్చిన దొంగరెమ్మ అని వ్యాసంలో రాశారు. పొద గులాబీల్లో చాలావాటి అసలు రెమ్మలకే ఏడేసి ఆకులు ఉంటాయి గనుక, ఆ లెక్కను నమ్మి మంచి రెమ్మలు పోగొట్టుకోవద్దు. మట్టి కాస్త తప్పించి, రెమ్మ పుట్టింది అంటుకట్టిన చోటుకు పైనా, కిందా అన్నదే చూడాలి. కింద పుట్టినదైతే కత్తెర వేయకుండా మొదలు పట్టి చీల్చివేయాలి. నేల మట్టానికి కోస్తే ఒకటికి నాలుగు లేస్తాయి.

పాఠకులు కత్తెర పట్టకముందే ఈ సవరణ ప్రచురించగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బసవనగుడి, బెంగళూరు.