పేగుపూతకు కొత్త మందులు: మొదలుపెడితే ఆగకూడదు

సంపాదకులకు,

అయ్యా,

పేగుపూత అని మనం పిలుచుకునే అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ జబ్బులకు వాడే బయోలాజిక్ మందులను (జీవకణాలతో తయారుచేసే ఖరీదైన ఇంజెక్షన్లను) ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఇవ్వాలని రోగులు అడగడం న్యాయమే. అయితే ఇవ్వడం ఒక ఎత్తు, ఇస్తూ ఉండడం ఇంకో ఎత్తు. గుంటూరు కొత్తపేటలో మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టుగా నాకు కనిపిస్తున్నదేమిటంటే, ఈ మందు దొరకనివారి కష్టం కంటే, నాలుగు విడతలు వేయించుకుని డబ్బుల్లేక ఆపేసినవారి కష్టం తక్కువేమీ కాదు. ఈ రెండో సంగతి ఎవరూ మాట్లాడడం లేదు.

మలంలో రక్తం పడితే మొలలనుకుని నాటువైద్యుల దగ్గర, జిగట విరేచనాలనుకుని ఆర్‌ఎంపీల దగ్గర నెలలు గడిపేసి, నీరసించి బరువు తగ్గాక గాని, కెమెరా గొట్టంతో పెద్దపేగును చూసే కొలనోస్కోపీ వరకూ రానివారు మన జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నారు. జబ్బు తేలాక స్వల్పంగా ఉన్న అల్సరేటివ్ కొలైటిస్ చాలామందికి పేగు వాపును తగ్గించే మెసలమైన్ మాత్రలతోనే అదుపులో ఉంటుంది. వారికి ఖరీదైన ఇంజెక్షన్ల అవసరమే లేదు. జబ్బు ముదిరినవారికి వైద్యులు స్టిరాయిడ్ ఇస్తారు. అది త్వరగా పనిచేస్తుంది, చవక కూడా, కానీ కొద్ది వారాల్లో మోతాదు తగ్గించుకుంటూ ఆపేయాల్సిన మందు. పాత చీటీ పట్టుకుని వచ్చి ‘అదే మళ్లీ ఇవ్వండి, దానికే తగ్గుతోంది’ అనేవారిని నేను తరచూ వెనక్కి పంపుతుంటాను. పక్క వీధిలో ఎవరో ఒకరు ఇచ్చేస్తారనీ నాకు తెలుసు. ఎముకలు గుల్లబారడం, షుగరు రావడం, కంటిలో శుక్లాలు, ఇవన్నీ ఆ చవక మందు తర్వాత కట్టించుకునే మూల్యం.

బయోలాజిక్స్‌ను కొత్త మందులంటున్నాం గాని, వీటిలో మొదటిదైన ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను అమెరికాలో క్రోన్స్ జబ్బుకు 1998లోనే అనుమతించారు. తర్వాత అడలిముమాబ్, వెడోలిజుమాబ్, ఉస్టెకినుమాబ్ వచ్చాయి. నోటి మాత్రలుగా టోఫాసిటినిబ్, ఉపడాసిటినిబ్ వచ్చాయి. అడలిముమాబ్‌కు ప్రపంచంలోనే తొలి బయోసిమిలర్ (అసలు బయోలాజిక్‌ను పోలి, అలాగే పనిచేసే మందు) 2014లో మన దేశంలోనే మార్కెట్లోకి వచ్చిందన్న సంగతి మన అధికారులు గుర్తుంచుకోదగ్గది. వీటిని ఆఖరి అస్త్రంగా దాచిపెట్టడం సరికాదనే ఆధారాలూ ఇప్పుడున్నాయి. బ్రిటన్‌లో కొత్తగా క్రోన్స్ జబ్బు బయటపడిన 386 మందిపై జరిపిన ప్రొఫైల్ పరిశోధన ఫలితాలు 2024లో వెలువడ్డాయి. మొదట్లోనే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను, దానితోపాటు రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్రను ఇచ్చినవారిలో 79 శాతం మంది 48 వారాల పాటు స్టిరాయిడ్ గాని, ఆపరేషన్ గాని అవసరం లేకుండా, జబ్బు అణిగి ఉన్నారు. మెట్టుమెట్టుగా మందులు పెంచుతూ పోయినవారిలో అలా ఉన్నది 15 శాతమే. పేగు సన్నబడి మూసుకుపోయాకో, ఫిస్టులా (పేగు నుంచి పక్కకు పడే అసహజమైన దారి) పడ్డాకో ఇచ్చే ఇంజెక్షన్ ఆ పేగును తిరిగి పూర్తిగా మామూలు చేయలేకపోవచ్చు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను మొదటి రోజు, రెండో వారం, ఆరో వారం ఎక్కించాక, ఆపైన ప్రతి ఎనిమిది వారాలకూ ఎక్కిస్తూనే ఉండాలి. కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల లెక్కన 60 కిలోల మనిషికి ఒక్క విడతకే వంద మిల్లీగ్రాముల వయల్స్ మూడు కావాలి. మొదటి మూడు విడతలకు ఎలాగో అప్పో సప్పో చేసి తెచ్చుకుంటారు. రక్తం ఆగి, అన్నం సయించి, మనిషి కాస్త తేరుకున్నాక, ‘బాగానే ఉంది కదా, ఈసారికి ఆగుదాం, మిర్చి అమ్మిన తర్వాత చూద్దాం’ అనే ఆలోచన వస్తుంది. ఇలా వదిలి వదిలి ఎక్కిస్తే శరీరం ఆ మందుకు విరుగుడుగా యాంటీబాడీలను తయారు చేసుకుంటుంది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు మందు పనిచేయకపోవచ్చు, ఎక్కించే సమయంలో తీవ్రమైన రియాక్షన్ రావచ్చు. అప్పుడు అంతకంటే ఖరీదైన మరో మందుకు మారక తప్పదు. 2025 సెప్టెంబరు నుంచి మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గడం మంచిదే గాని, రెండు నెలలకోసారి వచ్చే ఈ బిల్లుకు అది పెద్ద ఊరట కాదు.

ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైనప్పుడు, ఆసుపత్రిలో చేరి చేయించుకునే పెద్ద వైద్యాలను దృష్టిలో పెట్టుకుని రూపొందింది. ఉదయం వచ్చి, మందు ఎక్కించుకుని, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోయే దీర్ఘకాల రోగికి ఆ చట్రం సరిపోదు. కొన్ని చికిత్సల తర్వాత మందులు, పరీక్షలు ఇచ్చే ఫాలో-అప్ ప్యాకేజీలు పథకంలో ఇప్పటికే ఉన్నాయి కనుక, పేగుపూతకూ అలాంటిదే పెట్టి, కనీసం ఏడాదికి సరిపడా అన్ని విడతలనూ ఒకేసారి మంజూరు చేయాలి. విడత విడతకూ కొత్తగా అనుమతి కోరే పద్ధతి పెడితే, ఆలస్యం వల్ల మందు పాడుచేసినట్టే అవుతుంది. బయోసిమిలర్లను రాష్ట్రం మొత్తానికీ కలిపి టెండరులో కొంటే ధర తగ్గుతుందని మందుల వ్యాపారం చేసే నాకు వేరే చెప్పనక్కర్లేదు. రక్తం గడ్డకట్టని హీమోఫీలియా జబ్బు ఉన్నవారికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫ్యాక్టర్ ఇంజెక్షన్లు ఉచితంగా ఇస్తున్నప్పుడు, ఇది అసాధ్యమని అనలేరు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. మన దేశంలో పేగు క్షయ, క్రోన్స్ జబ్బు రెండూ చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట ఒకేలా కనిపించి నిపుణులను సైతం తికమక పెడతాయి. ఒంట్లో క్షయ దాగి ఉన్నవారికి ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటివి ఇస్తే ఆ క్షయ విజృంభించవచ్చు. కాబట్టి ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష, హెపటైటిస్-బి పరీక్ష చేయకుండా మొదటి డోసు ఇవ్వకూడదని, ఆ పరీక్షల ఖర్చూ ప్యాకేజీలోనే ఉండాలని నిబంధన పెట్టాలి. టోఫాసిటినిబ్ జెనరిక్ మాత్రలు బయోలాజిక్స్ కంటే చాలా చవక కావడంతో వాటి వాడకం పెరుగుతోంది. ఇన్ఫెక్షన్లు, రక్తం గడ్డకట్టడం, గుండె జబ్బుల ముప్పు వాటికీ ఉన్నందున, వాటిని చీటీ లేకుండా అమ్మే నా తోటి వ్యాపారుల మీద ఔషధ నియంత్రణ శాఖ కన్నేయాలి.

మరో చిన్న విషయం, కానీ చాలామంది పట్టించుకోనిది. అడలిముమాబ్ సిరంజీని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. మే నెలలో సత్తెనపల్లి వైపు నుంచి వచ్చే ఒక రైతు దాన్ని తీసుకెళ్లడానికి టీ ఫ్లాస్కులో ఐసుముక్కలు వేసుకుని వస్తే, ఐసుకు నేరుగా తగలకుండా అట్ట, గుడ్డ చుట్టి ఇవ్వడం తప్ప నేను చేయగలిగిందేమీ లేకపోయింది. ఇంట్లో ఫ్రిజ్ ఉన్నా, పల్లెల్లో కరెంటు పోతే ఎన్ని గంటలకు వస్తుందో చెప్పలేం. టీకాల కోసం ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ శీతల పెట్టె ఉంది. అందులో కొంత చోటు కేటాయించి, అక్కడి నర్సు చేతే సిరంజీ వేయించే ఏర్పాటు చేస్తే రోగి నెలకు రెండుసార్లు గుంటూరు రావాల్సిన పనే ఉండదు. ఎక్కించుకునే మందు కోసం మాత్రం గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో చెరొక డే-కేర్ గది కేటాయించాలి. ఇప్పటికే సొంత డబ్బుతో సగం కోర్సులో ఉన్నవారిని, పథకం మొదలయ్యాక కొత్త రోగులుగా పరిగణించి వరుస చివర నిలబెట్టకుండా, వారి తర్వాతి విడత తేదీ ప్రకారమే ముందుగా చేర్చుకోవాలని వైద్య ఆరోగ్య శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
కొత్తపేట, గుంటూరు