తల్లిని దోషిని చేస్తే బిడ్డకు ఒరిగేదేమీ లేదు

సంపాదకులకు,

అయ్యా,

ఉత్తర కెనడాలోని మారుమూల ఊళ్లలో గర్భిణులు, మద్యం, పుట్టే పిల్లలకు కలిగే నష్టం గురించి మీ ఆరోగ్య పుటలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివి మొదట ఊరుకుందామనుకున్నాను. ఆ తర్వాతి ఆదివారం మీరు అచ్చువేసిన స్పందనలు చూశాక ఊరుకోలేకపోతున్నాను. అలాంటి తల్లులను జైల్లో పెట్టాలని ఒకరు, తాగుడు అక్కడి ఆదివాసుల రక్తంలోనే ఉందని ఇంకొకరు రాశారు. ఆ మాటలకు దారి వేసింది మీ వ్యాసమే. పైగా పక్కన పెట్టె కట్టి, నాలుగో నెల దాటాక అప్పుడప్పుడు ఒక గ్లాసు వైన్ ఫర్వాలేదని సలహా కూడా ఇచ్చారు.

ముందు ఆ సలహా సంగతి. కడుపుతో ఉన్నప్పుడు ఇంతవరకు తాగితే ప్రమాదం లేదని ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. ఫలానా నెలలో తాగొచ్చు అనడానికీ ఆధారం లేదు. మద్యం మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డ రక్తంలో కలుస్తుంది. దాన్ని విడగొట్టి వదిలించుకునే శక్తి ఆ లేత కాలేయానికి ఉండదు. ముఖం, గుండె వంటివి మొదటి రెండు నెలల్లోనే రూపు కడతాయి గానీ, మెదడు తొమ్మిది నెలలూ ఎదుగుతూనే ఉంటుంది. కాబట్టి నాలుగో నెల దాటితే గండం గడిచినట్టే అనుకోవడం పొరపాటు. ఇక ఒక గ్లాసంటే ఎంత? కెనడా లెక్కలో ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 5 శాతం బీరు 341 మి.లీ., 12 శాతం వైన్ 142 మి.లీ., 40 శాతం విస్కీ 43 మి.లీ. మన దుకాణాల్లో దొరికే 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు 8 శాతం ఉందంటే ఆ ఒక్క సీసాలోనే మూడు డ్రింకులు. ఒక్క బీరే తాగానని చెప్పే మనిషి అబద్ధమాడటం లేదు, ఆమెకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు.

కడుపులో ఉండగా మద్యం వల్ల దెబ్బతిన్న పిల్లలను ముఖం చూడగానే గుర్తుపట్టవచ్చని రాశారు. కురచ కళ్లు, ముక్కుకూ పెదవికీ మధ్య గాడి లేకపోవడం, పలుచని పై పెదవి అనే మూడు గుర్తులూ కలిసి కనిపించేది కొద్దిమందిలోనే. ఎక్కువమంది చూడటానికి మామూలుగానే ఉంటారు. అందుకే 2015 నాటి కెనడా మార్గదర్శకాలు జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, భాష, ఆవేశాన్ని అదుపు చేసుకోవడం వంటి పది మెదడు పనులను పరీక్షించి, కనీసం మూడింటిలో తీవ్రమైన లోపం ఉంటేనే ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్ (కడుపులో ఉండగా మద్యం వల్ల బిడ్డకు కలిగే లోపం) అని తేల్చమంటాయి. నిన్న నేర్పిన నియమం ఇవాళ గుర్తుండని పిల్లవాడిని బడిలో మొండివాడంటారు, కొడతారు, పెద్దయ్యాక పోలీసులు పట్టుకుంటారు. ముఖం చూసి గుర్తుపట్టొచ్చని రాసే ప్రతి వ్యాసమూ అలాంటి పిల్లలను మరింత కనిపించకుండా చేస్తుంది.

రక్తం సంగతికి వస్తాను. కెనడా మొత్తం మీద ఈ డిజార్డర్ దాదాపు 4 శాతం మందిలో ఉండొచ్చని అంచనా. మన తెలుగువాళ్లు ఎంతోమంది ఉంటున్న టొరంటో ప్రాంతంలోనే ఏడు నుంచి తొమ్మిదేళ్ల బడిపిల్లలను పరీక్షిస్తే రెండు నుంచి మూడు శాతం మందిలో కనిపించింది. వాళ్లెవరూ మంచు ఊళ్ల పిల్లలు కారు. మద్యం అసలు ముట్టనివాళ్లు ఆదివాసుల్లోనే ఎక్కువ శాతం ఉన్నారని ఉత్తరాదిలో జరిగిన సర్వేలే చూపాయి. తాగేవాళ్లలో కొందరు ఒక్కసారే ఎక్కువగా తాగుతారన్నది నిజం. దాని వెనక ఆదివాసీ పిల్లలను బలవంతంగా ఎత్తుకెళ్లిన రెసిడెన్షియల్ స్కూళ్లున్నాయి, 1953లో ఇన్యుట్ (ఉత్తర ధ్రువ ప్రాంతపు ఆదివాసులు) కుటుంబాలను ఇంకా ఉత్తరాన ఉన్న రెజొల్యూట్, గ్రీస్ ఫియర్డ్‌లకు తరలించిన ప్రభుత్వముంది. ఈ చరిత్రకు మీ వ్యాసంలో ఒక్క వాక్యం కూడా దక్కలేదు.

నివారణ ఎలా అన్నదానికి మీరిచ్చిన జవాబు అవగాహన సదస్సులు. కానీ దాదాపు సగం గర్భాలు అనుకోకుండా వచ్చేవే. కడుపు పండిందని తెలిసేసరికి అయిదారు వారాలు గడిచిపోతాయి. ఇన్యుట్‌లు ఎక్కువగా ఉండే ఉత్తర కెనడా ప్రాంతం నునావుట్‌లో పాతిక ఊళ్లుంటే ఏ రెండింటినీ కలిపే రోడ్డు లేదు. పరీక్ష చేయించుకోవాలంటే నర్సులు నడిపే ఆరోగ్య కేంద్రానికే వెళ్లాలి. అక్కడ బల్ల దగ్గర కూర్చున్నది ఆమె పిన్నో, అత్తో అవుతుంది. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. అందుకే అలాస్కాలో 2014లో బార్ల మరుగుదొడ్లలో గర్భ పరీక్ష కిట్లు ఇచ్చే యంత్రాలు పెట్టి చూశారు. ఎవరినీ అడగకుండా, ఎవరికీ తెలియకుండా తీసుకోవచ్చు.

తర్వాతి మెట్టు అడగడం. తాగుతావా అని మొహం మీద అడిగితే లేదనే జవాబే వస్తుంది. టీ-ఏస్ అనే నాలుగు ప్రశ్నల పద్ధతి ఉంది. మత్తెక్కినట్టు అనిపించాలంటే ఎన్ని డ్రింకులు కావాలి? రెండు దాటితే రెండు మార్కులు. తాగుడు గురించి ఎవరైనా అంటే చిరాకు వచ్చిందా, తగ్గించుకోవాలనిపించిందా, పొద్దున లేవగానే తాగాల్సి వచ్చిందా అన్నవాటికి ఒక్కొక్కటి. రెండు మార్కులు వస్తే కూర్చోబెట్టి మాట్లాడాలి. మొదటి ప్రశ్నలో నింద లేదు, అందుకే నిజం బయటికొస్తుంది. ఆ ప్రశ్నలు మొదటి చెకప్‌లో ఒకసారి అడిగి వదిలేస్తే చాలదు, ప్రతి చెకప్‌లోనూ అడగాలి.

ఈ రోజే మానేయమని చెప్పడం అందరికీ మంచిది కాదన్న సంగతి మీ వ్యాసంలో లేకపోవడం నన్ను భయపెట్టింది. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత ఒళ్లు తెలియని మతిభ్రమణం రావచ్చు. తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ప్రాణాపాయం. ఆమెను ఆసుపత్రిలో ఉంచి, థయామిన్ (విటమిన్ బి1) ఇస్తూ, అవసరమైతే కొద్దిరోజులు మందులతో కాస్తూ మాన్పించాలి. మంచు తుఫానొస్తే రోజుల తరబడి విమానం రాని ఊళ్లో ఫోన్‌లో మానేయమని చెప్పి పెట్టేయడం వైద్యం కాదు.

జైలు అన్నవారికి ఒక తీర్పు గుర్తు చేస్తాను. జిగురు వంటి మత్తెక్కించే రసాయనాల వాసన పీల్చే వ్యసనమున్న ఒక గర్భిణిని బలవంతంగా చికిత్సలో పెట్టాలన్న కేసు విన్నిపెగ్ నుంచి కెనడా సుప్రీంకోర్టుకు వెళ్లింది. అలా నిర్బంధించే అధికారం కోర్టులకు లేదని 1997లో తేల్చేశారు. అయినా ఆసుపత్రులు ప్రసవానికి ముందే శిశు సంక్షేమ శాఖకు చెవిలో వేసే బర్త్ అలర్ట్‌లు కొనసాగాయి. పుట్టిన గంటల్లోనే బిడ్డను తీసుకుపోయేవారు. ఫలితం ఏమిటంటే, తాగుడు సమస్య ఉన్న స్త్రీ చెకప్‌కే రావడం మానేసింది. బ్రిటిష్ కొలంబియా 2019లో, మానిటోబా, ఒంటారియో 2020లో వాటిని ఆపేశాయి. భయం మాత్రం అంత త్వరగా పోదు.

ఈ భయాన్ని అధికారులే రెండింతలు చేస్తున్నారు. నునావుట్‌లో చాలా ఊళ్ల స్త్రీలు 36 వారాలు నిండగానే ఇల్లూ పెద్ద పిల్లలనూ వదిలి విమానంలో ఇకాలుయిట్‌కో విన్నిపెగ్‌కో ఒట్టావాకో వెళ్లి ప్రసవం కోసం కాచుకోవాలి. ఇంటి దగ్గర పిల్లలను ఎవరు చూస్తారు? క్యూబెక్ రాష్ట్రపు ఉత్తర భాగమైన నునావిక్‌లోని పువిర్నితుక్‌ ఊళ్లో 1986 నుంచి ఇన్యుట్ మంత్రసానులే శిక్షణ పొంది కాన్పులు చేస్తున్నారు. తెలిసిన మనిషితో, తన భాషలో అయితే స్త్రీ తాగుడు సంగతి కూడా చెప్పుకోగలదు. నాలుగు దశాబ్దాలుగా కళ్లెదుట ఉన్న పద్ధతిని ప్రతి ఊరికీ తీసుకెళ్లరేం? నర్సులు కొద్ది వారాలకొకరు మారిపోతుంటే ఆమె ఎవరికి చెప్పుకోవాలి? ఇన్యుట్ ప్రాంతాల్లో సగానికి పైగా ఇన్యుట్‌లు కిక్కిరిసిన ఇళ్లలో ఉంటున్నారని 2021 జనగణనే చెప్పింది. అదే గదిలో మొగుడు, మరుదులు తాగుతుంటే ఒక్క మనిషి మానడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆమె భర్త మానాలన్న మాట మీ వ్యాసంలో ఎక్కడా లేదు.

పని చేసే పద్ధతులు లేకపోలేదు. సియాటిల్‌లో 1991లో మొదలైన పీక్యాప్ పథకంలో ఒక కార్యకర్త కొద్ది కుటుంబాలను మాత్రమే చూసుకుంటూ, ఒక్కో తల్లి వెంట మూడేళ్లు నిలబడుతుంది. ఇల్లు, కోర్టు, చికిత్స, గర్భనిరోధకం అన్నిటికీ తోడుంటుంది. మళ్లీ తాగిందని వెళ్లగొట్టదు. ఆల్బర్టా, మానిటోబాల్లోనూ ఇది నడుస్తోంది. గర్భనిరోధకమంటే చేతి చర్మం కింద పెట్టే మూడేళ్ల ఇంప్లాంటో, పదేళ్ల కాపర్-టీయో ఆమె కోరితేనే వేయాలి, తీయమన్న రోజున తీయాలి. ఇష్టం లేకుండా తమకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసిన ఆదివాసీ స్త్రీలున్న దేశమది, ఇంత జాగ్రత్త తప్పదు. రెసిడెన్షియల్ స్కూళ్ల మీద విచారణ జరిపిన సత్యం, సయోధ్య కమిషన్ 2015లో ఇచ్చిన 33వ సిఫారసు ఈ సమస్య గురించే. ఆదివాసులతో కలిసి నివారణ చేపట్టమని అందులో స్పష్టంగా ఉంది.

ఉత్తర కెనడాలోని యూకాన్, నార్త్‌వెస్ట్ టెరిటరీల్లో మద్యం సీసాల మీద గర్భిణులకు హెచ్చరిక 1991 నుంచే ఉంది. 2017 నవంబరులో యూకాన్ రాజధాని వైట్‌హార్స్‌లో క్యాన్సర్ హెచ్చరిక కూడా అంటిస్తే, మద్యం కంపెనీల ఒత్తిడికి నెల రోజుల్లోనే దాన్ని ఆపేశారు. మద్యం వల్ల రొమ్ము క్యాన్సర్ రావచ్చన్న మాట స్త్రీలకు తెలియకూడదా? మన దేశంలో 2019 నుంచి సీసాల మీద తప్పనిసరి చేసిన హెచ్చరిక ఆరోగ్యానికి హానికరమంటుంది, తాగి బండి నడపొద్దంటుంది. గర్భిణి మాట అందులో లేదు. జీలుగు కల్లుకూ ఇప్పసారాకూ అసలు లేబులే ఉండదు. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి ఇంకా పులిసి ఘాటెక్కుతుంది. మన మన్యంలో ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు గర్భిణి బరువు, రక్తం, బీపీ చూసినట్టే ఆ నాలుగు ప్రశ్నలూ అడగాలి.

వార్తా సంస్థలు పంపిన దాన్ని తర్జుమా చేసి పుట నింపే ముందు ఒక్క ప్రసూతి వైద్యురాలికైనా చూపించడం ఇప్పుడు పత్రికల్లో మానేశారు. మీరు ఆ పని చేసి ఉంటే ఆ పెట్టె అచ్చయ్యేది కాదు. అదే పుటలో, అదే సైజులో సవరణ వేయండి. గర్భిణికి ఒక్క గ్లాసు కూడా వద్దని, రోజూ తాగే గర్భిణి ఒంటరిగా ఆపే ప్రయత్నం చేయకుండా ముందు డాక్టరును కలవాలని, ఈ రెండు వాక్యాలూ అందులో తప్పకుండా ఉండాలి.

ఇట్లు,
ఒక ప్రసూతి నర్సు,
ఎడ్మంటన్, కెనడా