పశువుల కంటి చికిత్స నిధి: జమా ఖర్చుల వివరణ

పెంపుడు జంతువుల కంటి జబ్బులకూ కంటి కణితులకూ వైద్యం చేయించేందుకు పోగుచేసిన నిధి లెక్కను దాతల ముందు ఉంచుతున్నాము. సులువుగా అర్థమయ్యేందుకు మొత్తం జమను వంద పాళ్లుగా తీసుకున్నాము. రసీదులు, బిల్లులు కోశాధికారి వద్ద ఉన్నాయి. ఎవరు అడిగినా చూపుతారు.

జమలో 64 పాళ్లు విరాళాలు, 27 పాళ్లు యజమానులు శక్తికొద్దీ చెల్లించినది, 9 పాళ్లు కిందటేటి నిల్వ.

ఖర్చులో అన్నిటికన్నా పెద్ద పద్దు, 46 పాళ్లు, ఆవుల కంటి కణితుల ఆపరేషన్లది. వీటిలో ఎక్కువగా కనిపించింది స్క్వామస్ సెల్ కార్సినోమా అనే క్యాన్సర్. రెప్పల చుట్టూ నల్లరంగు లేని పశువులకు, ఏళ్ల తరబడి ఎండ సోకడం వల్ల, తెల్లగుడ్డు నల్లగుడ్డు కలిసే అంచునో, కంటి లోపలి మూలన ఉండే మూడో రెప్ప మీదో, కింది రెప్ప మీదో ఇది మొదలవుతుంది. ఒక ఆవుకు మూడో రెప్ప మీద చిటికెన గోరంత గరుకు పొక్కు ఉండగానే, మొహం కడుగుతున్న యజమాని గమనించి తీసుకువచ్చారు. మత్తు సూది వేసి ఆ రెప్పను తొలగించగా చూపు నిలిచింది. మరొక ఆవు వచ్చేసరికి కణితి కన్నంతా కమ్మి, చీము కారుతూ, చెవి కింది గ్రంథి కూడా వాచి ఉంది. ఆ కన్ను తీసివేయించడం బాధ తగ్గించడానికే తప్ప బతికించడానికి కాదని తెలిసే ఆ ఖర్చు పెట్టాము. దాని ఒక్కదానికైన సొమ్ముతో మొదటిదాని వంటి నాలుగింటికి వైద్యం జరిగేది.

తీసిన ప్రతి కణితి ముక్కనూ పరీక్షకు పంపినందుకు 11 పాళ్లు అయ్యాయి. ఇది అనవసరమని కొందరు సభ్యులు అన్నారు, మేము ఒప్పుకోలేదు. పులిపిరిలా కనిపించేది క్యాన్సరో కాదో, కోసిన అంచు వరకూ వ్యాపించిందో లేదో కంటితో చూసి చెప్పడం సాధ్యం కాదు.

కంటికలకకు 17 పాళ్లు ఖర్చయింది. పశువులలో దీనికి ప్రధాన కారణం మొరాక్సెల్లా బోవిస్ అనే బాక్టీరియా. ఈగలు దానిని ఒక కంటి నుంచి మరొక కంటికి మోస్తాయి. కన్ను నీరు కారి, వెలుతురు చూడలేక మూసుకుపోయి, నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ పడుతుంది. ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సూదులతో పాటు ఈగల నివారణ మందు, నీడకు వేసిన పందిళ్లు కూడా ఈ పద్దులోవే.

ఒక 3 పాళ్ల నష్టానికి పూర్తి బాధ్యత మాదే. చవకగా వస్తోందని స్టెరాయిడ్ కలిసిన లేపనం ఎక్కువగా కొన్నాము. నల్లగుడ్డు మీద పుండు ఉన్న ఒక కుక్కకు, పరీక్షించకుండా అదే రాయడంతో పుండు లోతయింది. మిగిలిన గొట్టాలన్నీ పారవేశాము. తరువాత 4 పాళ్లతో ఫ్లోరెసిన్ కాగితపు పట్టీలు తెప్పించాము. తడిపి కంటికి తాకిస్తే, పుండు ఉన్న చోట రంగు పట్టి, నీలి వెలుతురులో ఆకుపచ్చగా మెరుస్తుంది. ఇప్పుడు అది చూడకుండా ఏ లేపనమూ ఇవ్వడం లేదు.

కుక్కలకూ పిల్లులకూ 8 పాళ్లు. చెర్రీ ఐ, అంటే మూడో రెప్పలోని గ్రంథి ఎర్రగా బయటికి ఉబికే జబ్బు, వచ్చిన కుక్కలకు ఆ గ్రంథిని కోయించక, లోపలికి సర్ది కుట్లు వేయించాము. కన్నీటిలో మంచి భాగం ఆ గ్రంథి నుంచే వస్తుంది.

ఇవి పోగా నిల్వ 11 పాళ్లు. కణితి తీయించిన ఆవులలో అది మళ్లీ తలెత్తవచ్చు గనుక, ఈ సొమ్మును వాటి తదుపరి పరీక్షలకే కేటాయిస్తూ తీర్మానించాము.