అమ్మలూ, ఒక్క టిక్కే పడుతోంది

అమ్మలూ,

ఇది చాలా పొడుగు మెసేజ్ అవుతుంది, ముందే చెప్తున్నా. నువ్వేమో అండమాన్‌లో ఆ నీల్ దీవిలో ఉన్నావు, గురువారం నుంచి నీకు పెట్టిన వాటన్నిటికీ ఒక్క టిక్కే పడుతోంది. అందుకని ముక్కలు ముక్కలుగా పెట్టడం మానేసి అంతా ఒకేసారి ఉత్తరంలా రాసేస్తున్నా, నీకు సిగ్నల్ వచ్చినప్పుడు మొత్తం ఒకేసారి వచ్చి పడుతుంది. కంగారుపడి రాస్తున్నానని అనుకోకు. కంగారేం లేదు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, మీ నాన్న షుగర్ కంట్రోల్లోనే ఉంది, ఈసారి మామిడికాయలు పులుపు తక్కువగా ఉన్నాయని ఆవకాయ ఇంకా పెట్టలేదు, బామ్మ రోజుకు రెండుసార్లు "పిల్ల వచ్చిందా" అని అడుగుతోంది, రేపొస్తుందని చెప్తున్నా.

నిన్న టీవీలో నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకాయని చెప్పారు. ఇన్నేళ్లూ ఆ వార్త వింటే ఒళ్లు చల్లబడేది నాకు, ఇంకో రెండు మూడు వారాలు ఈ ఎండలు ఓర్చుకుంటే చాలనుకునేదాన్ని. నిన్న మాత్రం వినగానే మీ నాన్న రిమోట్ తీసుకుని సౌండ్ పెంచారు. ఆయన ఏమీ పట్టనట్టే తిరుగుతారు గానీ ఫోన్లో గాలులు బొమ్మల్లా కనపడే యాప్ ఏదో వేసుకుని, రాత్రి పడుకునే ముందు బంగాళాఖాతం మొత్తం ఒకసారి చూసి మరీ పడుకుంటున్నారు. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వేశారట, పోర్ట్‌బ్లెయిర్, హావ్‌లాక్, లాంగ్ ఐలండ్, రంగత్, ఇంకా కిందికి నికోబార్ దాకా కలిపారట, ఆ జాబితాలో మీ నీల్ లేదట, అందుకే సిగ్నల్ సరిగా ఉండదేమో అని నాకు వివరించారు. నాకు ధైర్యం చెప్పడానికో, తనకు తను చెప్పుకోవడానికో తెలీదు.

ఆదివారం శారదత్త ఫోన్ చేసింది. నీ గురించి కాదు, కొత్త మిక్సీ గురించి. ఫోన్ పెట్టేసే ముందు "అవునూ, అమ్మలు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి వెళ్లిందట కదా, తిరుగు టికెట్ కూడా తీసుకోలేదట, మావాడు చెప్పాడు" అంది. అలాంటిదేం లేదు, సెలవు పెట్టి వెళ్లిందని చెప్పాను. నేను చెప్పింది నిజమో అబద్ధమో నాకే తెలియకుండా చెప్పాను. సరే, ఆ సంగతి ఇప్పుడు అడగడం లేదు, వదిలేయ్. పైగా ఆవిడ "బాణాలు వేసేవాళ్లున్న చోటికేనా" అని కూడా అడిగింది. అది నార్త్ సెంటినెల్, నీల్‌కీ దానికీ సంబంధమే లేదు, దాని చుట్టూ 9 కిలోమీటర్ల లోపలికి ఎవర్నీ రానివ్వరు అని మీ నాన్న పక్కనుంచి అరిచారు.

ఈ తక్కువ ఖర్చు ప్రయాణాల మీద నాకు కోపమేం లేదు. సీజన్ కాకపోతే వెదురు గుడిసెలు చవగ్గా ఇస్తారని నువ్వు చెప్పినప్పుడు బాగానే ఉందనుకున్నా, ఎందుకు చవగ్గా ఇస్తారన్నది తర్వాత తట్టింది. సముద్రం బాగోదు కాబట్టి, పడవ ఉంటుందో లేదో తెలీదు కాబట్టి. తిరిగి వచ్చేటప్పుడు గవర్నమెంటు పడవే ఎక్కు, డబ్బు కలిసొస్తుంది, పోర్ట్‌బ్లెయిర్ ఫీనిక్స్ బే జెట్టీకి రెండు గంటలే కదా, డెక్ మీద గాలి తగిలితే వాంతి కూడా రాదు. కానీ విమానం ఉన్న రోజే నీల్ నుంచి బయల్దేరడం మాత్రం వద్దు. కనీసం ఒక రోజు ముందు పోర్ట్‌బ్లెయిర్ వచ్చేసి ఏదో ఒక చవక లాడ్జిలో పడుకో. 2016 డిసెంబరులో వాయుగుండం పట్టినప్పుడు వందలమంది టూరిస్టులు హావ్‌లాక్‌లో చిక్కుకుపోతే నేవీ ఓడలు వెళ్లి తీసుకొచ్చాయి, గుర్తుందా? అందరి విమానాలూ పోయాయి. నీ విమానం ఏ రోజో నాకు చెప్పనేలేదు. అసలు తీసుకుని ఉంటే.

నీకు ఎప్పుడూ చెప్పలేదు గానీ నేనూ నీల్‌లో చిక్కుకుపోయినదాన్నే. 1986లో, ఆరో తరగతి సెలవులు, ఇదే నెల. పోర్ట్‌బ్లెయిర్ తాతయ్య, అదే మీ అమ్మమ్మ అన్నయ్య, రమ్మని నాలుగేళ్లుగా ఉత్తరాలు రాస్తుంటే మా నాన్న ఆ ఏడు ఎలాగో ఒప్పుకున్నారు, అమ్మమ్మ నన్ను తీసుకుని విశాఖలో ఓడెక్కింది. మూడు రాత్రులు. బంక్ క్లాసులో ఒకదాని మీద ఒకటి మంచాలు, ఇంజిన్ వాసన, మొదటి రోజంతా అమ్మమ్మ ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకుని కళ్లు తెరవలేదు, నేను మాత్రం ఓడంతా తిరిగాను. తాతయ్య ఆఫీసులో ఒక బెంగాలీ ఆయనది నీల్, శనివారం ఇంటికెళ్తూ మమ్మల్నీ రమ్మన్నాడు. తాతయ్యకు డ్యూటీ ఉంది. రేపు సాయంత్రానికి వచ్చేస్తాం అని చెప్పి ఇద్దరం వెళ్లాం, ఒక చేతిసంచి, నాకు ఒకటే గౌను. ఆదివారం తెల్లారేసరికి గాలి. పడవ రాలేదు. సోమవారమూ లేదు. గురువారం దాకా లేదు.

వాళ్లు తూర్పు పాకిస్తాన్ నుంచి కాందిశీకులుగా వస్తే ప్రభుత్వం అక్కడ భూమి ఇచ్చింది, అప్పటికి ఇరవై ఏళ్లవుతోందేమో. రేకుల ఇల్లు, వెనకాల వంగతోట, గుమ్మడి పాదులు. నీల్ కూరగాయలే పోర్ట్‌బ్లెయిర్‌కు వెళ్తాయి, ఇప్పటికీ అంతేనట కదా. పొద్దున్నే పడవకని వంకాయల బస్తా జెట్టీకి మోసుకెళ్లేవాళ్లు, పడవ లేక సాయంత్రం మళ్లీ ఆ బస్తానే ఇంటికి మోసుకొచ్చేవాళ్లు, పైవి మెత్తబడేవి, అవి ఏరి మాకు వండేవాళ్లు. నాలుగు రోజులు వంకాయే. ఆ ఇంటి ముసలావిడ గుమ్మడి పువ్వులు పిండిలో ముంచి వేయించి పెట్టేది, అమ్మమ్మకు బెంగాలీ రాదు, ఆవిడకు తెలుగు రాదు, ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చుని ఎవరి భాషలో వాళ్లు గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్లు. భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్ అని పేర్లు చెప్తే అమ్మమ్మ "రాముడి పరివారమంతా ఇక్కడే ఉంటే మనకేం భయం" అంది. నాకైతే అవి పండగ రోజులు. బడి లేదు, చదువు లేదు, ఎవరూ నన్ను చూడనే చూడరు.

మూడో రోజు నేనూ ఆ ఇంటి పిల్లాడూ లక్ష్మణ్‌పూర్ వైపు రాతి వంతెన దగ్గరికి వెళ్లాం. సముద్రం ఆటు మీద ఉంది, రాళ్ల మీద నీటిగుంటలు, వాటిలో గోరంత పీతలు, నీలం చేపపిల్లలు, ముట్టుకుంటే ముడుచుకునే నల్లటి సముద్ర దోసకాయలు. ఎంతసేపు కూర్చున్నామో తెలీదు, వెనక్కి తిరిగి చూస్తే మేం వచ్చిన దారి లేదు. పోటు అలలా ఎగిరి రాదు అమ్మలూ, రాళ్ల సందుల్లోంచి చప్పుడు లేకుండా ఉబికి వస్తుంది, నీకు తెలిసేసరికి చీలమండలు మునిగి ఉంటాయి. ఆ పిల్లాడు నా జబ్బ పట్టుకుని లాగాడు, ఒక చెప్పు అక్కడే పోయింది, పగడపు రాయి మీద పడి మోకాలు చీరుకుపోయింది. నా మోకాలి మీద మచ్చ మీద వేలు పెట్టి చిన్నప్పుడు నువ్వు ఇదేంటమ్మా అని అడిగేదానివి, సైకిల్ మీంచి పడ్డానని చెప్పేదాన్ని. అది సైకిల్ కాదు. ఇప్పుడు చెప్పేశానుగా.

ఆ నాలుగు రాత్రులూ అమ్మమ్మ నా వైపు వీపు పెట్టి పడుకునేది, నిద్రపోతోందనుకున్నా. నీ పురిటికి వచ్చినప్పుడు చెప్పింది, ఒక్క రాత్రి కూడా కన్ను మూయలేదని. అక్కడ తాతయ్య రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి జెట్టీకి వచ్చి నిలబడ్డారట. గురువారం మేం దిగేసరికి అక్కడే ఉన్నారు. చెల్లెల్ని ఒక్క మాట అనలేదు. నా కాళ్ల వైపు చూసి "రెండో చెప్పేదే?" అన్నారు. పోయిందన్నా. జెట్టీ నుంచి బజారు దాకా చెప్పుల గురించే తిట్టుకుంటూ నడిచి, కొత్త జత కొని, అప్పుడు ఇంటికి తీసుకెళ్లారు.

అందుకని చెప్తున్నా, పగడపు రాయి గీసుకుంటే చిన్నదేలే అని వదిలేయకు. మంచినీళ్లతో బాగా కడుగు, లోపల ముక్కలేం మిగలకుండా చూసుకో, నాది ఊరికొచ్చాక కూడా నెల రోజులు చీము పట్టింది. నీళ్లలోకి పాత బూట్లేసుకుని వెళ్లు. వంతెన దగ్గరికి వెళ్లే ముందు ఆటు ఎన్నింటికో అక్కడివాళ్లని అడుగు, రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంటుంది, నిన్నటి టైము ఇవాళ పనికిరాదు. ఎల్లుండి అమావాస్య, పోటు ఇంకా ఎక్కువ. మొసళ్ల బోర్డు కనపడిన చోట పాదం కూడా తడపొద్దు, అక్కడివి ఉప్పునీళ్లలో తిరిగేవి, సముద్రంలోకీ వస్తాయి. కొబ్బరిచెట్టు కింద ఊయల కట్టుకుని ఫొటో పెట్టావు, కాయలు చూసుకున్నావా పైన? ఇసుక ఈగలు కుడితే గోకకు. అక్కడ గడియారం మనదే గానీ సూర్యుడు మనకంటే ముందు, అయిదున్నర దాటితే పొద్దు వాలిపోతుంది, సైకిల్ తీసుకున్నా చీకటి పడకముందే గుడిసె చేరుకో. బామ్మ శంఖం తెమ్మంది, పట్టించుకోకు. ఒడ్డున దొరికిన గవ్వలూ పగడపు ముక్కలూ సంచిలో వేసుకోవద్దు, చట్టం ఒప్పుకోదు, ఎయిర్‌పోర్టులో బ్యాగులు చూస్తారు.

లెక్చర్ ఇవ్వకూడదనే మొదలుపెట్టాను. ఉద్యోగం సంగతి అడగనన్నా కదా, అడగను. మానేయడం తప్పని కూడా అనను, ఆ మేనేజరు సంగతి నువ్వు చెప్పినప్పుడు నాకే అనిపించింది. కాకపోతే మానేసేవాళ్లు చేతిలో ఆరు నెలల ఖర్చు పెట్టుకుని మానేస్తారు, ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా ఆఫీసుతోనే పోతుందని తెలుసుకుని సొంతంగా ఒకటి తీసుకుని మానేస్తారు, పీఎఫ్ ముట్టుకోరు, ఇంట్లో ఒక మాట చెప్తారు. ఏమనుకుంటామని చెప్పలేదు? మీ నాన్న 1998లో చేసిన పని నీకు తెలీదా, ఆయనకు నిన్ను అనడానికి నోరెక్కడిది? ఇదంతా మానేసి ఉంటేనే సుమా.

నీల్‌ను 2018 నుంచి షహీద్ ద్వీప్ అంటున్నారు, పోర్ట్‌బ్లెయిర్ కూడా 2024లో శ్రీ విజయపురం అయింది. నీల్ అన్నది 1857లో మనవాళ్లను చెట్లకు ఉరితీయించిన దొర పేరు అంటారు, పోతే పోనీ. నాకే పాత అలవాటు పోవడం లేదు, నీల్ అంటే నాకు దొర గుర్తుకు రాడు, వంకాయలే గుర్తొస్తాయి. పోర్ట్‌బ్లెయిర్‌లో ఏ ఇబ్బంది వచ్చినా తెలుగులో గట్టిగా అడుగు, 2011 లెక్కల్లోనే ఆ దీవులన్నిటిలో కలిపి వందకు పదమూడు మంది తెలుగువాళ్లు, ఎవరో ఒకరు పలుకుతారు. నీల్‌లో ఉన్నదే 3,000 మంది, మొత్తం కలిపి 14 చదరపు కిలోమీటర్లు లేదు, అంత చిన్న చోట ఒంటరిగా వచ్చిన పిల్ల కనపడకపోతే ఎవరైనా గమనిస్తారు కదా అని మీ నాన్న అంటారు. పగలైతే నాకూ అలాగే అనిపిస్తుంది.

టిక్కు రెండోది పడ్డాక ఏం రాయాలా అని ఆలోచించకు. "ఉన్నా" అని పెట్టు చాలు. ఉద్యోగం, టికెట్టు, అవన్నీ వచ్చాక చెప్పొచ్చు, రాకముందే చెప్పినా వింటాను.

ఇంకొకటి. నీ మందుల డబ్బాలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ల కింద దూది ఉంటుంది, ఆ దూది కింద ప్లాస్టిక్ కవర్లో అయిదొందల నోట్లు పది పెట్టాను. ఏటీఎం పనిచేయకపోతే పనికొస్తాయని నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు పెట్టా, చెప్తే తీసేస్తావని చెప్పలేదు. అవి టికెట్టుకి, స్కూబాకి కాదు. మిగిలితే మంచి చెప్పుల జత కొనుక్కో, ఆ ఫొటోలో వేసుకున్నవి వేలి దగ్గర తెగిపోయేలా ఉన్నాయి.

అమ్మ