జిప్పు సంచి కిట్లు ఆపేశాం, వాటి బదులు ఒకే రాడ్డు పెట్టాం

ఈ సీజన్ నుంచి రాజోలులో మన కొట్లో గాలంతో చేపలు పట్టే జిప్పు సంచి కిట్లు ఉండవు. అదేనండి, ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాల రాడ్డు, రీలు, దారం, నాలుగు రంగుల ప్లాస్టిక్ చేపలు అన్నీ ఒకే సంచిలో వచ్చేవి. ఉన్న సరుకు అయిపోయింది, మళ్లీ ఆర్డరు పెట్టలేదు. వాటి బదులు ఒకే రకం రాడ్డు ఎక్కువగా తెప్పించాం. ఏడడుగుల పొడవు, రెండు ముక్కలు, మీడియం బిగువు, గ్లాస్ ఫైబరూ కార్బనూ కలిపి చేసినది. ధర 1,450 రూపాయలు, రీలు విడిగా. కిట్టు మొత్తం వెయ్యి లోపే దొరికేది కాబట్టి ఇది ఎక్కువే అనిపిస్తుంది. అందుకే అన్నీ విడమరిచి రాస్తున్నాం.

ముందు మా సంగతి చెప్పేస్తాం. మాకు మిగిలేది కిట్టు మీదే ఎక్కువ. సంక్రాంతికి ఊళ్లకు వచ్చే కుర్రాళ్లు ధర కూడా బేరమాడకుండా పట్టుకెళ్లేవారు. కానీ కాలువలు వదిలిన కొన్నాళ్లకే ఆ రాడ్లు మళ్లీ మా బల్ల మీదకు వచ్చేవి. దాదాపు అన్నిటిదీ ఒకటే జబ్బు. గట్టు మీద ఇసుక గొట్టాల మధ్యకు దూరుతుంది. మూసిన ప్రతిసారీ ఆ ఇసుక లోపలి గొట్టాన్ని చుట్టూ గీసేస్తుంది. అరిగిన చోట జాయింటు నిలవదు, చేప లాగగానే గొట్టం లోపలికి జారిపోతుంది. గట్టిగా బిగిస్తే నిలువునా సన్నగా చీలుతుంది. చివరి ముక్క విరిగితే అతికించగలం గానీ, ఇలా చీలినదానికి మేం చేయగలిగింది ఏమీ లేదు. గొట్టాల రాడ్లన్నీ పనికిరానివని కాదు, మంచివీ ఉన్నాయి. అవి ఈ ధరకు రావు.

మన దగ్గర ఎక్కువమంది అడిగేది ఒకటే. “కాలవకీ, చెరువుకీ, గోదారికీ మూడిటికీ పనికొచ్చేది, చవగ్గా, ఒకటి చెప్పండి” అంటారు. న్యాయమైన కోరికే. నీళ్లను బట్టి ఒక్కోటి కొనాలంటే అందరి వల్లా కాదు. ఏడడుగులే ఎందుకంటే, మన కాలవ గట్ల మీద వెనకాలంతా కొబ్బరిచెట్లే. పదడుగుల రాడ్డు వెనక్కి ఊపితే కొస మట్టల్లో ఇరుక్కుంటుంది. అయిదడుగులదైతే గట్టు వారన పేరుకున్న గుర్రపుడెక్క దాటించి దారం తీయలేం, ప్రతి చేపా అందులోకే దూరుతుంది. ఏడడుగులైతే వెనక చోటు సరిపోతుంది, ముందు డెక్క కూడా దాటుతుంది. రెండు ముక్కలుగా విడదీస్తే మోటారుసైకిల్ మీద వెనక కూర్చున్నవాళ్లు పట్టుకోవచ్చు, ఆటోలో కూడా పడుతుంది.

పిడికి కాస్త పైన రాడ్డు మీద సన్న అక్షరాలుంటాయి, చూడండి. మా రాడ్డు మీద 10–30 గ్రాములు అని ఉంటుంది. ఎంత బరువు కట్టి విసిరితే అది సరిగ్గా పనిచేస్తుందో చెప్పే అంకె అది. పంటకాలవలో జెల్లలకి 10, 15 గ్రాముల సీసం చాలు. చెరువులో తవుడు ముద్దతో బొచ్చెకీ శీలావతికీ ఇంకాస్త పడుతుంది. గోదారి పాయ వశిష్ఠలో చించినాడ, దిండి వైపు ఆటుపోట్ల లాగుడుంటుంది కాబట్టి 30 దాకా వెళ్లాలి. ఈ మూడూ ఆ అంకెల్లో ఇమిడిపోతాయి. ఏ కొట్లో కొన్నా సరే, ఈ అంకె లేని రాడ్డు కొనకండి.

ఇంకో పరీక్ష మా కొట్లోనే చేసి చూపిస్తాం. రింగుల గుండా దారం తీసి, చివర అరలీటరు నీళ్ల సీసా కట్టి, మెల్లగా పైకెత్తాలి. వంపు కొస దగ్గర మొదలై మధ్య దాకా నున్నగా రావాలి. కొస ఒక్కటే కొడవలిలా వంగి మిగతాదంతా బిర్రుగా ఉందంటే ఆ బిగువంతా ఒక్కచోటే పడుతోందన్నమాట, విరిగేదీ అక్కడే. వంగినప్పుడు దారం రాడ్డును తాకుతోందేమో కూడా చూడండి. తాకుతోందంటే రింగులు చాలలేదు. ఏడడుగులకి కొసది కాక కనీసం ఆరు ఉండాలి. ప్రతి రింగు లోపలా కాస్త దూది తిప్పితే, ఎక్కడైనా పోగు పట్టుకుందంటే అక్కడ పగులుంది. అదే రేపు మీ దారాన్ని కోస్తుంది.

పూర్తి కార్బన్ రాడ్డు ఎందుకు పెట్టలేదని కొందరు అడిగారు. తేలికగా ఉంటుంది, చేప ముట్టుకోగానే చేతికి తెలుస్తుంది, కాదనం. కానీ నావ అంచుకు ఒక దెబ్బ తగిలినా, రాయి మీద పడినా పైకి కనిపించని పగులు వస్తుంది, తర్వాతెప్పుడో బరువు పడగానే టప్పున విరుగుతుంది. గ్లాస్ ఫైబర్ బరువే గానీ దెబ్బకు ఓర్చుకుంటుంది. మొదటి రాడ్డుకి ఈ రెండూ కలిసినదే మేలని మా అభిప్రాయం. ఇంకో మాట, ఇది నిజంగా గుర్తుపెట్టుకోవాలి. కార్బన్‌లో కరెంటు పారుతుంది. మన గట్ల వెంట కరెంటు తీగలు కిందకు వేలాడే చోట్లు మీకూ తెలుసు. ఈ కలిసిన రాడ్డైనా, తడిసిన వెదురు కర్రైనా, తీగల కింద నిలబడి విసరకండి. ఉరుము వినపడగానే కింద పెట్టేయండి.

ఈ రాడ్డు చేయలేనివి కూడా కొనకముందే తెలియాలి. డెక్కలో దాక్కున్న పెద్ద కొరమీనుకి ఇది చాలదు. దాన్ని ఉన్నపళంగా బయటకు లాగాలంటే ఇంతకంటే గట్టిది, లావు దారం కావాలి. కొరమీను గురించి చెప్పాలి కాబట్టి చెబుతున్నాం: నీళ్ల మీద ఎర్రగా బుల్లి పిల్లల గుంపు తిరుగుతుంటే కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. దాన్ని పట్టేస్తే ఆ పిల్లలు మిగలవు. ఆ చోటు వదిలేయండి, దయచేసి. అంతర్వేది ఒడ్డున సముద్రపు కెరటాలు దాటించి విసరడానికీ ఇది చాలదు, అక్కడ పదీ పన్నెండడుగులవి వాడాలి. ఇక వరద మొదలవగానే “పులసకి గాలం ఉందా” అని అడుగుతారు. పులస నీటిలోని కంటికి ఆనని జీవులను వడకట్టుకుని తినే చేప. మన ఎరల జోలికి రాదు, వలకే పడుతుంది. దాని కోసమని ఎవరైనా గాలం అమ్మజూపితే తీసుకోకండి. ధవళేశ్వరం దగ్గర గేట్లు ఎత్తి నీళ్లు వదిలినప్పుడు లంకల అంచుకు అసలు వెళ్లొద్దు.

రీలు 3000 సైజు స్పిన్నింగ్‌ది సరిపోతుంది. మా దగ్గర 900 రూపాయల నుంచి ఉన్నాయి. బేరింగులు ఎన్నని చూడకండి, డ్రాగ్ మర, అంటే చేప గట్టిగా లాగితే దారం వదిలేది, మెల్లగా, పట్టిపట్టి కాకుండా వదులుతోందా అన్నదే చూడండి. దారం 0.30 మిల్లీమీటర్ల నైలాన్ చాలు. దారం తెగే బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు లాగుడుకే రీలు వదిలేలా డ్రాగ్ పెట్టుకుంటే మూడు నాలుగు కిలోల బొచ్చెనైనా అలసిపోయేదాకా ఆడించి తేవచ్చు. డబ్బు తగ్గించాలనుకుంటే రీలులో తగ్గించండి, గాలాల్లో మాత్రం వద్దు. మొద్దు గాలం చేపను పట్టదు.

రాడ్లు విరిగేది ఎక్కువగా చేప నీళ్లలో ఉన్నప్పుడు కాదు, గట్టు దగ్గరే. చిన్నప్పటి నుంచి వెదురు కర్రతో ఒక్క ఊపులో పరిగెని గట్టు మీదకు లాగేసిన అలవాటు మనది. రాడ్డును నిటారుగా ఎత్తితే బరువంతా పుల్లంత కొస మీద పడుతుంది. చేతివల పెట్టి తీయండి, లేదా వంగి దారం పట్టుకుని లాగండి. ఉప్పునీళ్లలో వాడితే ఇంటికెళ్లగానే రింగులూ రీలు బిగించే మరా మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి.

ఇలా ఎత్తి విరగ్గొడితే కొత్తది ఇవ్వలేం. రింగు ఊడినా, జాయింటు వదులైనా ఆరు నెలల లోపు మార్చి ఇస్తాం, బిల్లు తెచ్చుకోండి. పాత కిట్లు కొన్నవాళ్లు కొస రింగు పోతే పట్టుకురండి, రింగు ధర తీసుకుని అతికించి ఇస్తాం. పిల్లలకి మొదటిసారి నేర్పిస్తున్నారా? వాళ్లకి ఇవేవీ వద్దు. ఒక వెదురు కర్ర, బెండు, సన్న గాలం, ఎర్రలు చాలు. బెండూ గాలమూ మా దగ్గర ఉంటాయి, కర్ర మీ దొడ్లోనే దొరుకుతుంది.