కార్డుది తప్పా, మిషన్‌ది తప్పా?

సంపాదకుడికి,

అయ్యా,

ఆసుపత్రుల్లోనూ, ప్రభుత్వ కార్యాలయాల్లోనూ డబ్బు కట్టే కౌంటర్ల వద్ద స్వైపింగ్ మిషన్ కార్డును చదవకపోతే, సిబ్బంది చెప్పే మొదటి మాట 'మీ కార్డు పాడైంది, బ్యాంకులో మార్పించుకోండి' అన్నదే. ఆ మాట నమ్మి ఎందరో పెద్దవాళ్లు బ్యాంకు చుట్టూ తిరిగి, రుసుము కట్టి కొత్త కార్డు తెచ్చుకుంటే, ఒక్కోసారి ఆ మిషన్ దాన్నీ చదవదు.

చిప్ కార్డుకు సొంతంగా బ్యాటరీ ఉండదు. స్లాట్‌లో పెట్టగానే లోపలి స్ప్రింగు పిన్నులు కార్డు మీది బంగారు రంగు బిళ్లను తాకి కరెంటు అందిస్తాయి. అప్పుడే చిప్ మేల్కొని, తాను ఏ పద్ధతిలో సమాచారం ఇచ్చిపుచ్చుకోగలదో తెలిపే తొలి జవాబు పంపుతుంది. ఆ జవాబు అందకపోతే మిషన్ కార్డు చదవలేకపోయానంటుంది. రోజూ ఎన్నో కార్డులు దూరే స్లాట్‌లో పిన్నులు అరగడం, దుమ్మూ జిడ్డూ పేరుకోవడం సహజం. గుమాస్తా గారు చిప్‌ను చొక్కాకు రుద్ది మళ్లీ పెట్టడం మనమందరం చూస్తున్నదే కానీ, స్లాట్ లోపలి సంగతి ఎవరికీ పట్టదు.

లోపం ఎక్కడుందో తేల్చడం కష్టమేమీ కాదు. అదే మిషన్‌లో ఇంకొకరి కార్డు పెట్టి, ఈ కార్డును ఇంకో మిషన్‌లో పెట్టి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ట్యాప్ సౌకర్యం ఉన్న కార్డయితే మిషన్‌కు తాకించీ చూడవచ్చు. ఇలాంటి కార్డుల్లో సాధారణంగా రెండు పద్ధతులకూ చిప్ ఒక్కటే గనుక, స్లాట్‌లో పలకనిది తాకిస్తే పలికిందంటే చిప్ బాగున్నట్టే. లోపం పై బిళ్లలోనో, మిషన్ పిన్నుల్లోనో ఉన్నట్టు. అయితే పర్సుతో సహా తాకిస్తే, అందులోని రెండు మూడు కార్డులు ఒకేసారి జవాబిచ్చి మిషన్ ఏదీ తీసుకోకపోవచ్చు.

చిప్‌ను చదివాక నెట్‌వర్క్ తెగి, ఖాతాలో డబ్బు పోయి స్లిప్పు రాకపోవడం వేరే సంగతి. దాన్ని కూడా కార్డు మీదికే నెట్టేస్తున్నారు. అలా పోయిన డబ్బు లావాదేవీ తేదీ తర్వాత 5 రోజుల్లోగా ఖాతాలో తిరిగి పడాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని 2019 సెప్టెంబరు 20న రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. కౌంటర్ల వద్ద ఈ విషయం రాసిపెట్టినవారు ఎక్కడా కనిపించరు.

మిషన్లు ఇచ్చిన బ్యాంకులు వాటి స్లాట్‌లను క్రమం తప్పకుండా క్లీనింగ్ కార్డుతో శుభ్రం చేయించాలి. పైన చెప్పిన పరీక్ష చేయకుండా ఎవరినీ కార్డు మార్చుకోమని పంపకూడదని సంబంధిత శాఖలు తమ కౌంటర్లకు రాతపూర్వకంగా ఆదేశించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
హనుమకొండ